కొత్త రూటర్ వచ్చాక పాత ప్రింటర్ మొరాయిస్తే ఎలా దారికి తెచ్చుకోవాలి

“రూటర్ మార్చాం. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ అన్నీ కొత్త వైఫైకి వచ్చేశాయి. ప్రింటర్ ఒక్కటే ఆఫ్‌లైన్ అంటోంది. నిన్నటిదాకా శుభ్రంగా పనిచేసిందండీ!”

ఈ మాట ఎంతమంది దగ్గర విన్నానో లెక్క లేదు. అడిగేవారిలో చాలామంది అప్పటికే చేసి వచ్చే పని కూడా ఒక్కటే. కంప్యూటర్‌లో ప్రింటర్‌ను తొలగిస్తారు, డ్రైవర్ (ప్రింటర్‌తో మాట్లాడటానికి కంప్యూటర్‌కు కావలసిన ప్రోగ్రామ్) మళ్లీ ఎక్కిస్తారు, అది “ప్రింటర్ కనబడలేదు” అనగానే తల పట్టుకుంటారు. తాడు తెగింది ఒకచోట, ముడి వేస్తున్నది మరోచోట.

మీ ప్రింటర్ చెడిపోలేదు. కాగితం మీద అక్షరం పడాలంటే రెండు లంకెలు ఉండాలి. ప్రింటర్‌కూ రూటర్‌కూ మధ్య ఒకటి, కంప్యూటర్‌కూ ప్రింటర్‌కూ మధ్య ఇంకొకటి. రూటర్ మారినప్పుడు ముందు తెగేది మొదటిది. అది అతికేదాకా కంప్యూటర్‌ను ముట్టుకోవద్దు. ఈ వ్యాసంలో కంప్యూటర్ పని 6వ అంచెలో వస్తుంది, అప్పటిదాకా దాన్ని మూసి పక్కన పెట్టినా నష్టం లేదు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- కొత్త వైఫై పేరు, పాస్‌వర్డ్. నోటిమాటగా కాదు, కాగితం మీద రాసుకోండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా స్పష్టంగా ఉండాలి.
- రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లే పాస్‌వర్డ్. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, వేరు. సాధారణంగా రూటర్ అడుగున అంటించిన చీటీ మీద ఉంటుంది.
- పాత వైఫై పేరు, పాస్‌వర్డ్. పాత రూటర్ లేకపోయినా మీ ఫోను వాటిని గుర్తుపెట్టుకుని ఉండవచ్చు.
- ప్రింటర్ సరైన మోడల్ నంబరు. ముందు భాగంలో కనిపించేది ఒక్కోసారి శ్రేణి పేరు మాత్రమే. వెనకో అడుగునో ఉన్న చీటీ చూడండి.
- ఒక యూఎస్‌బీ ప్రింటర్ తీగ, ఒక ఈథర్నెట్ తీగ (పరికరాన్ని నేరుగా రూటర్‌కు కలిపేది). రెండూ అవసరం పడకపోవచ్చు. పడినప్పుడు మాత్రం వాటికి ప్రత్యామ్నాయం లేదు.
- నాలుగైదు కాగితాలు.

డ్రైవర్ సీడీ ఉంటే జాగ్రత్తగా దాచండి. ఈ రోజు దానితో పని లేదు.

1. అడ్డదారి ఒకటుంది, ముందు అది చూడండి

కొత్త రూటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి (ఎలాగో 4వ అంచెలో ఉంది) పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డ్ పెట్టేయండి. ప్రింటర్ రూటర్ ముఖం చూసి గుర్తుపట్టదు, పేరునూ పాస్‌వర్డ్‌నూ బట్టే గుర్తుపడుతుంది. అవి కలిస్తే చాలాసార్లు రెండు మూడు నిమిషాల్లో తనంతట తానే వచ్చి కలుస్తుంది. ఇంట్లో మిగతా పాత పరికరాలకు కూడా మళ్లీ ఏదీ చెప్పనక్కర్లేదు.

పేరు అచ్చుగుద్దినట్లు ఉండాలి. చిన్న అక్షరం పెద్దదైనా, మధ్యలో ఒక ఖాళీ పెరిగినా అది ప్రింటర్‌కు వేరే వైఫై కిందే లెక్క. భద్రతా రకం కూడా పాతదే ఉండాలి, దాని సంగతి 4వ అంచెలో చెబుతాను. ఇంకొక జాగ్రత్త, పాత రూటర్‌ను కరెంటు నుంచి తీసేయండి. ఒకే పేరుతో రెండు వైఫైలు వెలిగితే ఏ పరికరం దేనికి అంటుకుందో మీకూ తెలియదు, వాటికీ తెలియదు.

ఈ దారి మూడు సందర్భాల్లో వద్దు. పాత పాస్‌వర్డ్ ఊరంతటికీ తెలిసిపోయి ఉంటే, ఇదే మార్చుకునే సమయం. పాత వైఫై డబ్ల్యూఈపీ భద్రతతో నడిచి ఉంటే అసలే వద్దు. ఆ పద్ధతిని 2004లోనే పక్కన పెట్టారు, దాన్ని నిమిషాల్లో ఛేదించవచ్చు. కొత్త పేరుతో ఇప్పటికే ఇరవై పరికరాలు కలిపేసి ఉంటే కూడా ప్రింటర్ ఒక్కదాని కోసం వెనక్కి వెళ్లడం దండగ. తరువాతి అంచెకు రండి.

2. ప్రింటర్ చేతనే చెప్పించండి

ఊహించడం ఆపి, ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ వివరాల కాగితం ముద్రించండి. తెర ఉన్న ప్రింటర్‌లో నెట్‌వర్క్ లేదా రిపోర్ట్స్ మెనూలో ఈ ఏర్పాటు ఉంటుంది. తెర లేనివాటిలో ఏదో ఒక బటన్‌ను, లేదా రెండు బటన్లను కలిపి కొన్ని సెకన్లు నొక్కి పట్టాలి. ఏ బటన్ అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, వాడుక పుస్తకంలో ఉంటుంది. రూటర్‌తో సంబంధం తెగినా ఈ కాగితం వస్తుంది, ఎందుకంటే ఇది ప్రింటర్ తనలో తాను చేసుకునే పని.

చాలామంది ఈ కాగితం తీసి, చిన్న అక్షరాలు చూసి భయపడి పక్కన పడేస్తారు. మీకు కావలసినవి అందులో నాలుగే: వైఫై పేరు (ఎస్ఎస్ఐడీ అని ఉంటుంది), స్థితి, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్ చిరునామా), మాక్ అడ్రస్ (తయారీలోనే ప్రింటర్‌కు ఇచ్చిన గుర్తింపు సంఖ్య). పక్కనే మీ ఫోను తెరిచి, వైఫై వివరాల్లో “గేట్‌వే” లేదా “రూటర్” అన్న చోట ఉన్న అంకెలు రాసుకోండి. అది మీ కొత్త రూటర్ చిరునామా. ఇప్పుడు రెండూ పోల్చండి.

- కాగితం మీద పాత వైఫై పేరే ఉందా? ప్రింటర్‌కు రూటర్ మారిన సంగతే తెలియదు. 3వ అంచెకు వెళ్లండి.
- కొత్త పేరు ఉంది, స్థితి మాత్రం “కనెక్ట్ కాలేదు” అని ఉందా? పాస్‌వర్డ్ తప్పయినా అయి ఉండాలి, భద్రతా రకం పడకపోయినా ఉండాలి. 3, 4 అంచెలు.
- ఐపీ అడ్రస్ 0.0.0.0 అని గానీ, 169.254తో మొదలై గానీ ఉందా? ప్రింటర్‌కు రూటర్ నుంచి చిరునామా అందలేదు. 169.254 అనేది ఎవరూ చిరునామా ఇవ్వనప్పుడు పరికరం తనకు తాను పెట్టుకునే తాత్కాలిక అంకె. ఇది కూడా 3, 4 అంచెల్లోనే తేలుతుంది.
- మీ రూటర్ 192.168.0.1 అయితే ప్రింటర్ 192.168.1.50 అంటోందా? మొదటి మూడు అంకెలు కలవడం లేదు. ఎవరో ఎప్పుడో ప్రింటర్‌లో చిరునామాను చేత్తో బిగించారు. 5వ అంచె.
- అన్నీ సరిగ్గా ఉన్నాయా? మొదటి లంకె బాగుంది. నేరుగా 6వ అంచెకు వెళ్లండి.

ఇక్కడ నా సొంత పరాభవం ఒకటి చెప్పాలి. ఒక సాయంత్రమంతా రూటర్‌లో సెట్టింగ్స్ మార్చి మార్చి అలసిపోయాక ఈ కాగితం తీశాను. స్థితి “కనెక్టెడ్” అని ఉంది, వైఫై పేరు పాతది. పాత రూటర్ బీరువా వెనక ఇంకా వెలుగుతూనే ఉంది. ప్రింటర్ దానితో హాయిగా కలిసి ఉంది, ఇల్లంతా దాన్ని వదిలేసిందని దానికెలా తెలుస్తుంది? ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన పెట్టెకు తోడు మీరు సొంతంగా మరో రూటర్ కొని పెట్టుకున్న ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. సంస్థ పెట్టెలోని వైఫై ఆరదు, ప్రింటర్ అందులోనే ఉండిపోతుంది, కంప్యూటర్ కొత్తదానికి వెళ్లిపోతుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నా ఒకరికొకరు కనబడరు. అలాంటప్పుడు పాత వైఫైని ఆపేసి ప్రింటర్‌ను కొత్తదానికి తేవాలి.

3. కొత్త పేరు, పాస్‌వర్డ్ ప్రింటర్‌కు చెప్పండి

ప్రింటర్‌ను మొదటిసారి కలిపేటప్పుడు రూటర్ ఉన్న గదిలోకి తెచ్చుకోండి. సిగ్నల్ బలహీనమా, పాస్‌వర్డ్ తప్పా అన్న రెండు అనుమానాల్లో ఒకటి తీరిపోతుంది.

ప్రింటర్ మెనూలో “నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్” లాంటిది ఉంటే ముందు అది చేయండి. పాత వైఫై, బిగించిన చిరునామా రెండూ పోతాయి. దాని పక్కనే “ఫ్యాక్టరీ రీసెట్” కూడా ఉంటుంది, దాని జోలికి వెళ్లవద్దు. ఫ్యాక్స్ నంబర్లు, స్కాన్ చిరునామాలు అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. తొందరలో ఈ రెండింటికీ తేడా చూడనివారు చాలామంది.

ఆపైన దారులు మూడు.

తెర ఉంటే వైఫై సెటప్ విజర్డ్ తెరిచి, జాబితాలో కొత్త పేరు ఎంచుకుని పాస్‌వర్డ్ కొట్టండి. నూటికి తొంభైసార్లు అనలేను గానీ, నేను చూసిన వైఫల్యాల్లో పెద్ద వాటా ఇక్కడిదే. సున్నాకూ “ఓ” అక్షరానికీ, ఒకటి అంకెకూ చిన్న “ఎల్” అక్షరానికీ తేడా ఆ చిన్న తెర మీద తెలియదు. పెద్ద అక్షరాలకు మారే బటన్ ఎక్కడో మూల ఉంటుంది. కొన్ని పాత ప్రింటర్ల తెర మీద కొన్ని ప్రత్యేక గుర్తులు అసలు ఉండవు. మీ పాస్‌వర్డ్‌లోని గుర్తు అక్కడ లేకపోతే గంటసేపు వెతికినా దొరకదు. రూటర్‌లోనే పాస్‌వర్డ్ మార్చండి. అది 8 నుంచి 63 అక్షరాల దాకా ఉండవచ్చు. అంకెలు, అక్షరాలతోనే పొడవుగా పెట్టుకుంటే బలానికి లోటు రాదు. వైఫై పేరును తెలుగు లిపిలో ముచ్చటగా పెట్టుకున్నవారికి ఒక మాట, పాత ప్రింటర్ తెర మీద అది చిత్రవిచిత్రమైన గుర్తులుగా కనిపించవచ్చు, అసలు కలవకపోవచ్చు. ఆంగ్ల అక్షరాల పేరు పెట్టుకోండి.

రెండో దారి డబ్ల్యూపీఎస్, అంటే బటన్ నొక్కి కలిపే ఏర్పాటు. ప్రింటర్‌లో ఆ ఏర్పాటు మొదలుపెట్టి, 2 నిమిషాల్లోపు రూటర్ మీద ఆ బటన్ నొక్కాలి. పాస్‌వర్డ్ కొట్టే బాధ ఉండదు. కొన్ని కొత్త రూటర్లలో ఈ బటనే ఉండదు, ఉన్నా డబ్ల్యూపీఏ3 అనే కొత్త భద్రతా రకం మాత్రమే ఎంచుకుని ఉంటే పనిచేయదు. కలిసిన తరువాత రూటర్‌లో డబ్ల్యూపీఎస్ ఆపేయడం మంచిది.

మూడోది యూఎస్‌బీ తీగ. తెర లేని ప్రింటర్లకు ఇదే సులువు. తయారీదారు ఇచ్చిన సెటప్ ప్రోగ్రామ్ నడిపి, తీగను అది అడిగినప్పుడే పెట్టండి, ముందే పెట్టవద్దు. వైఫై వివరాలు తీగ గుండా ప్రింటర్‌లోకి వెళ్తాయి. కంప్యూటర్‌ను ముట్టుకోవద్దన్న నా మాటకు ఇది ఒక్కటే మినహాయింపు.

అయ్యాక మళ్లీ నెట్‌వర్క్ కాగితం తీయండి. “కనెక్టెడ్” అని, సరైన ఐపీ అడ్రస్ ఉంటే 5వ అంచెకు దూకండి.

4. పేరే కనబడకపోయినా, పాస్‌వర్డ్ సరైనదైనా ఒప్పుకోకపోయినా

అసలు చిక్కు ఇక్కడ ఉంది. పాత ప్రింటర్‌కు తెలిసిన భాష పాతది, కొత్త రూటర్ కొత్త భాష మాట్లాడుతోంది. ప్రింటర్‌ను మార్చలేం కనుక రూటర్‌నే కొంచెం వంగమనాలి. ఫోను బ్రౌజర్‌లో రూటర్ చిరునామా కొట్టి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. కొన్ని రూటర్లకు ఫోను యాప్ ఉంటుంది.

ఒక నియమం పెట్టుకోండి: ఒకసారికి ఒకే మార్పు, వెంటనే పరీక్ష. ఐదు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు, అనవసరంగా మార్చినవి అలాగే ఉండిపోతాయి. మార్పుకు ముందు ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకోండి. నేను ఏ వరుసలో చూస్తానో అదే వరుసలో రాస్తున్నాను.

మొదట 2.4 గిగాహెర్ట్జ్. పాత ప్రింటర్లు దాదాపు అన్నీ ఈ ఒక్క పౌనఃపున్యాన్నే వింటాయి. కొత్త రూటర్లు 2.4నూ 5నూ ఒకే పేరు కింద కలిపి, ఏ పరికరం దేనికి వెళ్లాలో తామే నిర్ణయిస్తాయి. ఈ పెత్తనం కొన్ని పాత ప్రింటర్లకు పడదు. “స్మార్ట్ కనెక్ట్” లేదా “బ్యాండ్ స్టీరింగ్” అన్నదాన్ని ఆపి, 2.4కు వేరే పేరు పెట్టండి. అది ప్రింటర్‌లో కనిపిస్తుందేమో చూడండి. ప్రింటర్ 2.4లో, ఫోను 5లో ఉంటే పనిచేయదన్న అపోహ బాగా వ్యాపించి ఉంది. రెండూ ఒకే రూటర్ కింద, ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నంతకాలం నిక్షేపంగా పనిచేస్తాయి.

తరువాత భద్రతా రకం. వైఫై పేరు కనిపించి, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తిరస్కరిస్తుంటే ముందు అనుమానించవలసింది దీన్నే. డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో. అంతకు ముందు తయారైన ప్రింటర్‌కు సాధారణంగా అది తెలియదు. రూటర్‌లో “డబ్ల్యూపీఏ2, ఏఈఎస్” ఎంచుకోండి. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలగలుపు కూడా చాలా ప్రింటర్లకు సరిపోతుంది, కొన్నింటికి సరిపోదు. ఆ పక్కనే “ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్” లేదా పీఎంఎఫ్ అన్న ఏర్పాటు “రిక్వైర్డ్” అని ఉంటే “ఆప్షనల్”కు మార్చండి, అప్పటికీ కాకపోతే ఆపండి.

మూడోది ఛానల్. రూటర్‌ను “ఆటో”లో వదిలేస్తే కొన్ని ప్రాంతాల్లో అది 12కో 13కో వెళ్లవచ్చు. 1 నుంచి 11 దాకా మాత్రమే వినే ప్రింటర్‌కు అప్పుడు ఆ వైఫై ఉన్నట్టే తెలియదు. “నిన్న కలిసింది, ఈ రోజు మాయమైంది” అన్న ఫిర్యాదు వెనక ఇదీ ఒక కారణం. 1, 6, 11లలో ఒకటి బిగించండి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు.

అదీ కాకపోతే 2.4 గిగాహెర్ట్జ్ విభాగంలో “వైఫై 6” లేదా “ఏఎక్స్” పద్ధతిని ఆపి, బీ, జీ, ఎన్ కలిసిన పాత పద్ధతికి తిప్పండి. 5 గిగాహెర్ట్జ్ విభాగాన్ని కదపనక్కర్లేదు, మీ ఫోన్ల వేగం తగ్గదు.

ఇక గెస్ట్ నెట్‌వర్క్. “దానికి పాస్‌వర్డ్ సులువుగా ఉంది” అని ప్రింటర్‌ను అందులో కలిపేవారున్నారు. అతిథి నెట్‌వర్క్ ఉద్దేశమే లోపలి పరికరాలను చూడనివ్వకపోవడం. ప్రింటర్‌కు ఇంటర్నెట్ వస్తుంది, మీ కంప్యూటర్‌కు మాత్రం అది కనిపించదు. ప్రధాన నెట్‌వర్క్‌లోనూ “ఏపీ ఐసొలేషన్” లేదా “క్లయింట్ ఐసొలేషన్” ఆన్‌లో ఉంటే ఇదే గతి. జాబితాలో ఉన్న పరికరాలనే రానిచ్చే మాక్ అడ్రస్ వడపోత ఆన్‌లో ఉంటే ప్రింటర్ మాక్ అడ్రస్‌ను ఆ జాబితాలో చేర్చండి.

ఇల్లంతా రెండు మూడు పెట్టెలు పెట్టుకునే మెష్ రూటర్లలో కొన్ని ఈ సెట్టింగ్స్‌ను అసలు చూపించవు. అప్పుడు రెండు ఉపాయాలు. యాప్‌లో 5 గిగాహెర్ట్జ్‌ను కొద్దిసేపు ఆపే వీలుంటే ఆపి, ప్రింటర్ కలిశాక మళ్లీ తెరవండి. లేదా “ఐఓటీ నెట్‌వర్క్” (స్మార్ట్ బల్బుల లాంటి చిన్న పరికరాల కోసం ఇచ్చేది) ఉంటే దాన్ని 2.4కు, డబ్ల్యూపీఏ2కు పరిమితం చేసి ప్రింటర్‌ను అందులో పెట్టండి. అయితే అది ప్రధాన నెట్‌వర్క్ నుంచి విడిగా ఉండకూడదు, ఉంటే గెస్ట్ నెట్‌వర్క్ కథే మళ్లీ.

ఎంత విసిగిపోయినా రెండు పనులు మాత్రం చేయవద్దు. ప్రింటర్ కోసం వైఫైకి పాస్‌వర్డ్ తీసేయడం, డబ్ల్యూఈపీకి దిగడం. ఆ స్థితికి వస్తే చివర చెప్పిన తీగ దారి పట్టండి.

5. చిరునామా స్థిరంగా ఉండేలా చూడండి

ప్రింటర్ మెనూలో ఐపీ సెట్టింగ్‌ను “ఆటో” లేదా “డీహెచ్‌సీపీ”కి మార్చండి. రూటరే చిరునామా ఇస్తుంది. ప్రింటర్‌లో మీరే కొత్త అంకెలు బిగించాలని చూడవద్దు, రేపు ఇంకో రూటర్ వస్తే ఈ తలనొప్పే మళ్లీ.

అయితే రూటర్ ఇచ్చే చిరునామా ఎప్పటికీ అదే ఉంటుందన్న హామీ లేదు. కరెంటు పోయి వచ్చాక వేరొకటి రావచ్చు. కంప్యూటర్ మాత్రం పాత చిరునామాకే ఉత్తరాలు పంపుతూ కూర్చుంటుంది. అందుకే రూటర్ సెట్టింగ్స్‌లో “అడ్రస్ రిజర్వేషన్” తెరిచి, ప్రింటర్ మాక్ అడ్రస్‌కు ఒక చిరునామా కేటాయించండి. తరువాత ప్రింటర్‌ను ఆపి, మళ్లీ ఆన్ చేయండి. కాగితం మళ్లీ తీసి, అదే చిరునామా వచ్చిందో లేదో చూడండి.

పరీక్ష ఇది: అదే వైఫైలో ఉన్న ఫోను బ్రౌజర్‌లో ఆ ఐపీ అడ్రస్ కొట్టండి. చాలా నెట్‌వర్క్ ప్రింటర్లు తమ సొంత పేజీని చూపిస్తాయి. హెచ్‌పీ దీన్ని ఎంబెడెడ్ వెబ్ సర్వర్ అంటుంది, కానన్ రిమోట్ యూఐ అంటుంది. పేజీ తెరుచుకుంటే మొదటి లంకె అతికినట్టే. “సురక్షితం కాదు” అని బ్రౌజర్ హెచ్చరిస్తే కంగారు పడవద్దు, పాత ప్రింటర్ల పేజీలకు అది మామూలే. తెరుచుకోకపోతే ఫోను మొబైల్ డేటాలో ఉందేమో చూడండి. నవ్వకండి, ఇది జరుగుతూనే ఉంటుంది.

6. ఇప్పుడు కంప్యూటర్

విండోస్‌లో ప్రింటర్‌ను తొలగించకండి. మీ పాత డ్రైవర్ బాగానే ఉంది, పాతబడింది చిరునామా మాత్రమే. ప్రింటర్ల జాబితాలో మీ ప్రింటర్‌ను తెరిచి, “ప్రింటర్ ప్రాపర్టీస్”లో “పోర్ట్స్” విభాగానికి వెళ్లండి. “యాడ్ పోర్ట్” నొక్కి, “స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్” ఎంచుకుని, కొత్త చిరునామా ఇవ్వండి. రకం అడిగితే “రా”, అంకె 9100. చాలా ప్రింటర్లకు ఇదే సరిపోతుంది. కొత్త పోర్ట్ పక్కన గుర్తు పడిందని చూసి మూయండి.

పేజీ బ్రౌజర్‌లో తెరుచుకుంటున్నా కంప్యూటర్ ఇంకా ఆఫ్‌లైన్ అంటుంటే ఇవి చూడండి.

- ప్రింటర్ వరుస (ముద్రణకు ఎదురుచూసే పత్రాల జాబితా) తెరిచి, “యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్” ముందు గుర్తు ఉంటే తీసేయండి.
- జాబితాలో ఒకే ప్రింటర్ రెండుసార్లు, ఒకటి “కాపీ 1” అన్న తోకతో కనిపిస్తుంటే, మీరు పంపుతున్నది ఏదో చూసుకోండి. పనిచేసేదాన్ని డిఫాల్ట్ చేయండి.
- పోర్ట్ అమరికలో “ఎస్ఎన్ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్” గుర్తు తీసి చూడండి. ప్రింటర్ ఈ పలకరింపుకు బదులివ్వకపోతే విండోస్ అది లేదనుకుంటుంది.
- కొత్త వైఫైని విండోస్ “పబ్లిక్” నెట్‌వర్క్‌గా లెక్కగట్టి ఉండవచ్చు. ఇంటి వైఫై కనుక “ప్రైవేట్”కు మార్చండి.
- వీపీఎన్ నడుస్తుంటే ఆపి చూడండి. కార్యాలయం ఇచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఇదే ఎక్కువ.
- రూటర్ మార్చిన రోజు నుంచి పంపిన పత్రాలన్నీ వరుసలో ఇరుక్కుని ఉంటాయి. రద్దు చేసినా పోకపోతే, సర్వీసెస్‌లో “ప్రింట్ స్పూలర్”ను ఆపి, విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అన్న ఫోల్డర్ లోపలి ఫైళ్లను తుడిచి, మళ్లీ మొదలుపెట్టండి. ఫోల్డర్‌ను తుడవకండి, లోపలివి మాత్రమే.

మ్యాక్‌లో పోర్ట్ మార్చే వెసులుబాటు ఇంత సూటిగా లేదు. ప్రింటర్‌ను జాబితా నుంచి తీసి, మళ్లీ చేర్చేటప్పుడు ఐపీ విభాగంలో చిరునామా ఇవ్వడం తేలిక. ముందు దాని డ్రైవర్ ఇంకా జాబితాలో ఉందని చూసుకోండి. ఫోను నుంచి ముద్రించేవారికి ఒక్క మాట. ఐఫోన్ నుంచి నేరుగా ముద్రించే ఎయిర్‌ప్రింట్ ఏర్పాటు 2010లో వచ్చింది, అంతకన్నా పాత ప్రింటర్‌ను ఐఫోన్ నేరుగా గుర్తించకపోవచ్చు, అది రూటర్ తప్పు కాదు. తయారీదారు యాప్ వాడుతుంటే, ఐఫోన్‌లో దానికి “లోకల్ నెట్‌వర్క్” అనుమతి ఉందో లేదో చూడండి.

7. పని అయిందని ఎప్పుడు నమ్మాలి

ఒక పేజీ రాగానే లేచిపోవద్దు. మరో పరికరం నుంచి ఒకటి ముద్రించండి. స్కానర్ ఉంటే స్కాన్ చేయండి. ముద్రణలో కంప్యూటర్ ప్రింటర్‌ను వెతుకుతుంది, ప్రింటర్ మీది బటన్‌తో స్కాన్ చేసినప్పుడు ప్రింటర్ కంప్యూటర్‌ను వెతుకుతుంది. ఫోల్డర్‌లోకి స్కాన్ చేసే ఏర్పాటులో కంప్యూటర్ పాత చిరునామా రాసి ఉంటే దాన్నీ మార్చాలి. తరువాత రూటర్‌నూ ప్రింటర్‌నూ ఒకసారి ఆపి, రూటర్‌ను ముందు, అది పూర్తిగా లేచాక ప్రింటర్‌ను వేసి మళ్లీ పరీక్షించండి. ప్రింటర్‌ను దాని అసలు చోటుకు తరలించాక ఇంకోసారి. రాత్రంతా నిద్రావస్థలో ఉన్నాక మర్నాడు ఉదయం తీసే పేజీయే అసలు పరీక్ష.

ఏదీ కుదరకపోతే

ప్రింటర్‌కు ఈథర్నెట్ రంధ్రం ఉంటే రూటర్‌కు తీగ వేసేయండి. 4వ అంచెలోని గొడవలన్నీ ఒక్కదెబ్బతో పోతాయి. నిజానికి దగ్గరగా పెట్టే వీలున్నవారికి నేను మొదటే ఇది చెబుతాను. రెండు సంగతులు గుర్తుంచుకోండి. కొన్ని ప్రింటర్లలో మెనూలోకి వెళ్లి వైఫై నుంచి తీగకు మార్చాలి. తీగకు మాక్ అడ్రస్ వేరు కనుక 5వ అంచెలోని కేటాయింపు మళ్లీ చేయాలి.

ఒక్క కంప్యూటరే ఉంటే యూఎస్‌బీ తీగ చాలు.

పాత రూటర్ ఇంకా ఉంటే, దాన్ని కొత్త రూటర్‌కు సహాయకుడిగా పెట్టవచ్చు. పాతదాని సెట్టింగ్స్‌లో డీహెచ్‌సీపీ ఆపి, దాని సొంత చిరునామాను కొత్త రూటర్ వరుసలోకి, ఎవరూ వాడని అంకెకు మార్చండి. ఆపైన దాని ల్యాన్ రంధ్రం నుంచి కొత్త రూటర్ ల్యాన్ రంధ్రానికి తీగ వేయండి. వాన్ అని రాసి ఉన్న రంధ్రంలో పెడితే మళ్లీ రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు అవుతాయి. “ఏపీ మోడ్” అన్న మీట ఉంటే ఇవన్నీ అదే చేసుకుంటుంది. చిరునామా బిగించి లేని ప్రింటర్ అయితే తన పాత వైఫైతో ఏ మార్పూ లేకుండా కలుస్తుంది. ఆ పాత వైఫై కనీసం డబ్ల్యూపీఏ2 అయి ఉంటేనే ఈ పని చేయండి.

ఇంతచేసినా తెమలక ఎవరినైనా అడగవలసి వస్తే “పనిచేయడం లేదు” అని మాత్రం అడగకండి. ప్రింటర్ మోడల్, రూటర్ మోడల్, ఏ అంచెలో ఏ సందేశం వచ్చిందో రాసి, నెట్‌వర్క్ కాగితం ఫొటో జత చేయండి. పంపే ముందు ఆ కాగితాన్ని ఒకసారి చదవండి. కొన్ని మోడళ్లు వైఫై డైరెక్ట్ (రూటర్ లేకుండా నేరుగా ప్రింటర్‌తో కలిసే ఏర్పాటు) పాస్‌వర్డ్‌ను దాని మీదే ముద్రిస్తాయి, ఆ వరుసను పెన్నుతో కొట్టేశాకే ఫొటో తీయండి.